పతకం కోరని పసితనం

బడికి వెళ్లినవారి జ్ఞాపకాలలో తప్పక నిలిచిపోయేవి రెండు: ఒకటి బెత్తం, రెండవది బహుమతి. పూర్వం మన వీధిబడులలో పాఠం అప్పగించలేని పిల్లవాడికి గుంజీలు, గోడకుర్చీ, కోదండం తప్పేవి కావు. నేటి ప్రాథమిక పాఠశాలలలో బెత్తం స్థానాన్ని చాలావరకు బహుమతి ఆక్రమించింది. చక్కగా రాసిన పుటపై ఎర్రసిరా నక్షత్రం, పద్యం అప్పగిస్తే చాక్లెట్టు, అల్లరి చేయని వారికి చప్పట్లు, సంవత్సరాంతంలో ర్యాంకు, పతకం. శిక్ష కంటే బహుమానం మేలైనదనడంలో సందేహం లేదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. బహుమతి ఆశ చూపకపోతే పసిపిల్లలు నేర్చుకోరా? నూరేళ్లకు పైబడిన కాలం కిందట రోము నగరంలోని ఒక పేదవాడలో ఈ ప్రశ్నకు సమాధానం దొరికింది. ఆ సమాధానాన్ని లోకానికి తెలిపిన విదుషీమణి డాక్టర్ మరియా మాంటిస్సోరి. ఆమెకు ఆ సమాధానం చెప్పినవారు మూడు నాలుగేళ్ల పసివాళ్లు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని కియరవల్లె పట్టణంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, సంప్రదాయాన్ని గౌరవించే వ్యక్తి. తల్లి రెనిల్డె చదువంటే ప్రాణం పెట్టే ఇల్లాలు. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం మొదట ఫ్లోరెన్సుకు, 1875లో రోముకు తరలివచ్చింది. ప్రాథమిక పాఠశాలలో మరియా అసాధారణ విద్యార్థినిగా పేరు పొందలేదు. మొదటి తరగతిలో సత్ప్రవర్తనకు, ఆ మరుసటి ఏడు కుట్టుపనికి ఆమెకు ప్రశంసాపత్రాలు లభించాయి. ఆడపిల్ల అణకువగా ఉండాలి, సూదిదారం పట్టడం నేర్వాలి అన్నది ఆనాటి సమాజపు కోరిక. సమాజం దేనిని కోరుతుందో దానికే బహుమతి ఇస్తుంది. ఆ బాలిక మనస్సులో ఉన్న కోరికలకు మాత్రం ఆ బడిలో ఏ ప్రశంసాపత్రమూ లేదు.

పదమూడవ ఏట ఆమె మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. గణితంపై మక్కువతో ఇంజనీరు కావాలనుకున్నారు. అనంతరం ఆమె దృష్టి వైద్యశాస్త్రం వైపు మళ్లింది. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడం అరుదైన రోజులవి. తండ్రి అంగీకరించలేదు. తల్లి మాత్రం కొండంత అండగా నిలిచారు. రోము విశ్వవిద్యాలయంలో తోటి విద్యార్థుల ఎగతాళి నిత్యకృత్యమైంది. పురుషుల సమక్షంలో ఒక స్త్రీ మృతదేహాన్ని పరీక్షించడం మర్యాద కాదన్న కారణంతో, అందరూ వెళ్లిపోయిన తరువాత ఆమె ఒంటరిగా శవపరిచ్ఛేదన గదిలో పాఠం నేర్చుకోవలసి వచ్చింది. దీపపు వెలుగులో, మృతదేహాల నడుమ గడిపిన ఆ సాయంకాలాలకు మెచ్చుకోలు లేదు, చప్పట్లు లేవు. తెలుసుకోవాలన్న తపన ఒక్కటే ఆమెను ఆ గదిలో నిలబెట్టింది. 1896లో ఆమె పట్టభద్రురాలై, ఇటలీలో వైద్యపట్టా పొందిన తొలితరం మహిళలలో ఒకరుగా నిలిచారు.

విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సా విభాగంలో సహాయకురాలిగా పనిచేస్తూ ఆమె రోములోని మానసిక రోగుల ఆశ్రమాలను సందర్శించేవారు. బుద్ధిమాంద్యం గలవారని ముద్రపడిన పిల్లలను ఆ రోజులలో మతిస్థిమితం లేని పెద్దలతోపాటే బంధించి ఉంచేవారు. ఒకచోట ఖాళీ గదిలో ఉన్న పిల్లలు భోజనం ముగియగానే నేలపై పడిన రొట్టెముక్కల కోసం ఎగబడడం ఆమె చూశారు. వారి తిండిపోతుతనాన్ని ఆయా అసహ్యించుకున్నది. మాంటిస్సోరి ఆ గదిని కలయజూశారు. చేతితో తాకడానికి, పట్టుకోవడానికి, ఆడుకోవడానికి అక్కడ ఒక్క వస్తువు కూడా లేదు. ఆ పిల్లలు రొట్టె కోసం కాదు, చేతులకు పని కోసం వెదుకుతున్నారని ఆమె గ్రహించారు. ఆకలి కడుపుకే కాదు, బుద్ధికి కూడా ఉంటుందన్న సత్యం ఆమెకు అక్కడ స్ఫురించింది.

ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాన్ రచనలను ఆమె శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1900లో రోములో ప్రారంభమైన ప్రత్యేక పాఠశాలకు సహ సంచాలకురాలై, పగలంతా పిల్లలకు బోధించి, రాత్రులు తన పరిశీలనలను రాసుకున్నారు. చదువు రాదని అందరూ తీర్మానించిన పిల్లలు చదవడం, రాయడం నేర్చి, మామూలు పిల్లలకు పెట్టే పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. లోకం ఆమెను వేనోళ్ల కొనియాడింది. ఆమె మాత్రం మరొక ఆలోచనలో పడ్డారు. ఈ పిల్లలు ఇంతటివారు కాగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలను మామూలు బడులలో ఇంత తక్కువ స్థాయిలో ఆపివేస్తున్నది ఏది?

ఆ సంవత్సరాలలోనే ఆమె జీవితంలో ఒక గాయం ఏర్పడింది. 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు జన్మించాడు. పెళ్లి కాకుండా తల్లి అయిన స్త్రీకి ఆనాటి సమాజంలో తలెత్తుకొని పనిచేసే అవకాశం ఉండేది కాదు. బిడ్డను పల్లెలో వేరొక కుటుంబం వద్ద పెంచవలసి వచ్చింది. లోకంలోని పిల్లలందరి కోసం శ్రమించిన ఆ తల్లి తన బిడ్డను మాత్రం అప్పుడప్పుడు అతిథివలె వెళ్లి చూసి వచ్చేవారు.

ఆనాటి ఐరోపా పాఠశాలలు రెండు స్తంభాలపై నిలిచి ఉండేవి. ఒకటి దండన, రెండవది బహుమానం. బహుమానాన్ని ఒక యంత్రాంగంగా మలచినవారిలో జోసెఫ్ లాంకాస్టర్ ప్రసిద్ధుడు. 1798లో లండనులో పేదపిల్లల కోసం బడి తెరచిన ఆయన ప్రతిభ చూపినవారికి బిళ్లలు, పతకాలు ఇచ్చేవాడు. బంతులు, గాలిపటాలు పంచేవాడు. పెద్ద విద్యార్థుల చేత చిన్నవారికి చదువు చెప్పించే ఆయన పద్ధతికి మన దేశంతో ఒక సంబంధం ఉంది. అటువంటి పద్ధతినే ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు అంతకుముందే మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో రూపొందించాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే మన పిల్లలను చూసి ఆయన ఆ విధానాన్ని తన బడిలో ప్రవేశపెట్టాడు. మాంటిస్సోరి కాలం నాటికి బహుమతులు, ర్యాంకులు బడికి ఊపిరి వంటివన్న నమ్మకం స్థిరపడింది. పిల్లలు కదలకుండా బల్లలకు అతుక్కొని కూర్చోవాలి. శిక్షకు భయపడి, బహుమతికి ఆశపడి చదవాలి. తొలిరోజులలో మాంటిస్సోరికి కూడా బహుమతులపై ఈ నమ్మకం కొంత ఉండేది. దానిని తొలగించినవారు సాన్ లొరెంజో పిల్లలు.

సాన్ లొరెంజో రోములో కార్మికులు నివసించే వాడ. అక్కడి పాడుబడిన భవనాలను ఒక గృహనిర్మాణ సంస్థ బాగు చేయించి పేద కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్లగానే బడియీడు రాని పిల్లలు మెట్లమీద, గోడల వెంట విచ్చలవిడిగా తిరిగేవారు. వారివల్ల భవనాలు పాడవుతున్నాయని భావించిన ఆ సంస్థ పిల్లలను ఒకచోట చేర్చి కనిపెట్టుకొని ఉండే బాధ్యతను మాంటిస్సోరికి అప్పగించింది. 1907 జనవరి 6న బాలల గృహం ప్రారంభమైంది. మూడు నుండి ఆరేడు సంవత్సరాల వయసు గల పిల్లలు సుమారు 50 మంది అందులో చేరారు. బెరుకు చూపులు, వెక్కిళ్లు, మాసిన ముఖాలు. వారిని చూసుకోవడానికి ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక యువతి. ఆ గదిలో ఉన్న సంపద అంతా ఇంతే: పిల్లలు ఎత్తి జరుపుకోగల చిన్న బల్లలు, కుర్చీలు, రంధ్రాలలో సరిగ్గా ఇమిడే కొయ్య స్తూపాలు, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు వంటి బోధనోపకరణాలు.

ఒకనాడు మూడేళ్ల బాలిక ఒకతె కొయ్య స్తూపాలను వాటి రంధ్రాలలో అమర్చుతూ కూర్చుంది. అమర్చడం, తీయడం, కలిపివేయడం, మళ్లీ అమర్చడం. మాంటిస్సోరి లెక్కపెట్టసాగారు. మిగిలిన పిల్లల చేత పాటలు పాడించారు. ఆ పాపను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద కూర్చోబెట్టారు. పాప ఉపకరణాన్ని ఒడిలో పొదువుకొని పని సాగించిందే తప్ప తల ఎత్తలేదు. నలభై రెండుసార్లు అమర్చిన తరువాత, నిద్ర నుండి లేచినట్లు చుట్టూ చూసి సంతోషంగా చిరునవ్వు నవ్వింది. ఆమెకు ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. పని పూర్తి అయిన తృప్తే ఆమెకు దక్కిన ఫలం.

ఆ గృహంలోని ఉపాధ్యాయిని మాత్రం పాత పద్ధతిని విడువలేకపోయింది. బుద్ధిగా మెలగిన పిల్లవాడి మెడలో తెల్లని పట్టీతో శిలువ ఆకారపు వెండి పతకం వేసింది. అల్లరి చేసిన మరొక పిల్లవాడిని శిక్షగా గది నడుమ కుర్చీలో కూర్చోబెట్టింది. పతకం ధరించిన పిల్లవాడు తన పనిలో మునిగి, ఉపకరణాలు మోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పతకం జారి కింద పడింది. కుర్చీలో ఉన్నవాడు దానిని తీసి, అటూ ఇటూ తిప్పిచూసి, ఏమి పడవేసుకున్నాడో చూడమన్నాడు. మొదటివాడికి ఆ అంతరాయమే విసుగు కలిగించింది. తనకు అక్కరలేదన్నాడు. అయితే తాను పెట్టుకోవచ్చునా అని రెండవవాడు అడిగితే, పెట్టుకొమ్మని చెప్పి పనిలోకి వెళ్లిపోయాడు. శిక్ష అనుభవిస్తున్నవాడు పతకం ధరించి హాయిగా కూర్చున్నాడు. మాంటిస్సోరి ఈ దృశ్యాన్ని గమనించి ఆలోచనలో పడ్డారు. పని దొరకనివాడికి పతకం కాలక్షేపం. పని దొరికినవాడికి అది అడ్డంకి.

మరొక అనుభవం ఆమెకు స్వయంగా కలిగింది. పిల్లల చేత ఆమె నిశ్శబ్ద క్రీడ ఆడించేవారు. అందరూ ఊపిరి చప్పుడు కూడా వినరానంత నిశ్చలంగా కూర్చోవాలి. ఆమె పక్కగదిలో నిలబడి ఒక్కొక్కరి పేరు మెల్లగా పిలుస్తారు. పేరు విన్నవారు అడుగుల చప్పుడు కాకుండా ఆమె వద్దకు రావాలి. దాదాపు 40 మందిలో చివరివాడికి ఎంతసేపు నిరీక్షణ! పసివాళ్లకు ఇంతటి ఓర్పు ఉండదని తలచిన ఆమె, వచ్చినవారికి ఇవ్వడానికి మిఠాయిలు సిద్ధం చేసుకున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు కాని మిఠాయిలు తీసుకోలేదు. ఆ అందమైన అనుభవాన్ని పాడుచేయవద్దని వారి ముఖాలు చెబుతున్నట్లు ఆమెకు తోచింది. మిఠాయి కంటికి కనిపించడమే అరుదైన పేదయిళ్ల పిల్లలు వారు. తన అంచనా తప్పని ఆమె ఒప్పుకున్నారు. పలుమార్లు పరీక్షించి నిశ్చయించుకున్న తరువాత తన విధానం నుండి బహుమతులను, శిక్షలను రెండింటినీ తొలగించారు.

కొన్ని నెలలకు గరుకు అక్షరాలపై వేళ్లతో దిద్దిన పిల్లలు అకస్మాత్తుగా రాయడం మొదలుపెట్టారు. ఒకడు సుద్దముక్కతో నేలమీద తొలిమాట రాసి ఆనందంతో కేకలు వేశాడు. మిగిలినవారు గుమికూడి తామూ సుద్దముక్కలు అందుకున్నారు. ఇంటికి వెళ్లినా చేయి ఆగలేదు. రొట్టెలపై కూడా అక్షరాలు గీసేవారు. ఈ ఉత్సాహానికి వెల కట్టగల బహుమతి ఏది?

ఆమె పద్ధతి కేవలం బహుమతులను తీసివేయడం కాదు. వాటి స్థానంలో ఏమి ఉంచాలన్నది అసలు విషయం. స్తూపాన్ని తప్పు రంధ్రంలో పెడితే చివర ఒకటి మిగిలిపోతుంది. అందువల్ల తప్పును ఉపకరణమే తెలియజేస్తుంది, గురువు మందలించనక్కరలేదు. సరిగా అమరితే ఆ అమరికే మెప్పు, గురువు పొగడనక్కరలేదు. ఏ పని చేయాలో, ఎంతసేపు చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ పిల్లవాడిది. వాడి శక్తికి మించనిదీ, మరీ సులువు కానిదీ అయిన పనిని సమయానికి చూపి, పక్కకు తప్పుకొని గమనించడం గురువు ధర్మం. చక్కెర ముక్కతో ఊరించిన గుర్రమూ, కొరడాతో కొట్టిన గుర్రమూ పరుగెత్తుతాయి గాని, స్వేచ్ఛగా మైదానంలో దూసుకుపోయే గుర్రంవలె పరుగెత్తలేవని ఆమె అభిప్రాయం. దేహాన్ని కట్టివేసే బల్లలు ఎటువంటివో, మనస్సుకు బహుమతులూ శిక్షలూ అటువంటివేనని ఆమె భావించారు.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథరూపంలో వెలువరించారు. అది పలు భాషలలోకి అనువాదమైంది. 1912లో తల్లి మరణించిన తరువాత మారియోను తన వద్దకు తెచ్చుకున్నారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ ప్రదర్శనలో గాజుగోడల వెనుక నడిపిన ఆమె తరగతిని జనం గుంపులుగా వచ్చి చూశారు. బయట ఎంతమంది నిలబడినా లోపలి పిల్లలు తమ పని మానలేదు. ఆ తరగతికి రెండు స్వర్ణ పతకాలు లభించాయి. పతకాలు అక్కరలేదని చాటిన తరగతికి పతకాలు రావడం విచిత్రమే.

పెద్దల లోకపు బహుమానాలు పిల్లల మిఠాయిల కంటే ప్రమాదకరమైనవి. 1924 నుండి ఇటలీ పాలకుడు ముస్సోలినీ ఆమె పాఠశాలలను ఆదరించాడు. ఆమె కూడా ఆ ఆదరణను స్వీకరించారు. అది ఆమె జీవితంలో విమర్శకు గురైన ఘట్టం. క్రమంగా ఆ ఆదరణకు వెల ఏమిటో తేటతెల్లమైంది. పిల్లలను స్వతంత్రులుగా పెంచే బడి, ప్రజల నుండి మారుమాటలేని విధేయతను కోరే పాలకుడికి పనికిరాదు. 1934 నాటికి ఇరువురికీ తెగతెంపులయ్యాయి. ఇటలీలో ఆమె పాఠశాలలు మూతపడ్డాయి. హిట్లరు ఏలుబడిలోని జర్మనీలోనూ అదే జరిగింది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలు కాగా 1936లో ఆమె బార్సిలోనా విడిచి హాలెండు చేరారు. ఇచ్చే చేయి ఏదో ఒకటి కోరుతుందన్న పాఠం ఆమెకు ఈసారి కఠినంగా బోధపడింది.

1931లో లండనులో గాంధీజీ ఆమెను కలుసుకొని ఆమె కృషిని ప్రశంసించారు. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో ఆమె మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. అప్పటికి ఆమెకు 69 ఏళ్లు. తొలి శిక్షణ తరగతికి సుమారు 300 మంది హాజరయ్యారు. ఆమె ఇటాలియనులో ప్రసంగిస్తే మారియో ఆంగ్లంలోకి అనువదించేవారు. ఆనాడు మద్రాసు మన ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధాని. ఇసుకలో ఓనమాలు దిద్దిన గడ్డపైకి గరుకు కాగితపు అక్షరాలు ఆ విధంగా చేరాయి.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీ పౌరులైన తల్లీకొడుకులు బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశీయులయ్యారు. మారియోను నిర్బంధ శిబిరానికి తరలించారు. మాంటిస్సోరిని అడయారు దాటవద్దని ఆజ్ఞాపించారు. ఆగస్టు 31న ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజు. ఆనాడు వైస్రాయి నుండి తంతి వచ్చింది. ఆమెకు ఇవ్వదగిన కానుక ఆమె కుమారుడే అని తలచి అతనిని విడుదల చేస్తున్నట్లు అందులో ఉంది. అన్నేళ్లుగా లోకం ఎదుట మేనల్లుడిగా చెలామణి అయిన మారియోను ఆ తంతి ఆమె కొడుకుగానే పేర్కొన్నది. ఆమె పొందిన సన్మానాలలో దీనికి సాటివచ్చేది లేదు. అది ఏ పనికీ ప్రతిఫలంగా వచ్చినది కాదు. తరువాత కొడైకెనాల్‌లో, ఇతర నగరాలలో ఆమె శిక్షణ కొనసాగించారు. మన దేశంలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు.

యుద్ధానంతరం ఆమె ఐరోపా చేరుకున్నారు. 1949, 1950, 1951 సంవత్సరాలలో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదనకు వచ్చింది గాని బహుమతి రాలేదు. ఆమె పని మాత్రం ఆగలేదు. 1952 మే 6న హాలెండులోని నూర్ద్‌విక్ గ్రామంలో, 81వ ఏట ఆమె కన్నుమూశారు. ఒకనాడు తరిమివేసిన ఇటలీయే అనంతరం ఆమె చిత్రాన్ని వెయ్యి లీరాల నోటుపై ముద్రించుకొంది.

ఆమె పరిశీలనను తరువాతి పరిశోధకులు పరీక్షకు పెట్టారు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే శాస్త్రజ్ఞులు బొమ్మలు గీయడంలో ఆసక్తిగల శిశు తరగతి పిల్లలను మూడు బృందాలుగా చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి బృందానికి ముందే చెప్పి ఇచ్చారు. రెండవ బృందానికి చెప్పకుండా ఇచ్చారు. మూడవ బృందానికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ముందుగా ఆశ చూపిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు గీశారు. అనుకోకుండా ప్రశంస పొందినవారి ఆసక్తి మాత్రం తగ్గలేదు. అంటే ప్రతి బహుమానమూ హాని చేయదు. అసలు ఆసక్తే లేని పనిలో తొలి అడుగు వేయించడానికి చిన్న ప్రోత్సాహం ఉపకరించవచ్చు. మనసారా చేసిన ప్రశంస పిల్లవాడికి బలాన్నిస్తుంది. ఇష్టంతో చేస్తున్న పనికి వెల కట్టినప్పుడే చిక్కు. వెల ఆగిననాడు పని కూడా ఆగిపోతుంది.

నేడు మన పట్టణాలలో మాంటిస్సోరి పేరు గల బడులు ఎన్నో కనిపిస్తాయి. ఆ పేరు కింద ర్యాంకుల పట్టికలు వేలాడదీసిన బడులూ ఉన్నాయి. బోర్డుపై పేరు రాయడం సులభం. పిల్లవాడు పనిలో లీనమైనప్పుడు పక్కన నిలబడి మౌనంగా చూడగలగడం కష్టం. మెడలోని పతకం జారిపడినా గమనించక పనిలో మునిగిపోయిన ఆ రోము పిల్లవాడి పేరు చరిత్రలో నిలవలేదు. కాని ఒక మహావిదుషి తన అభిప్రాయాన్ని మార్చుకోవడానికి కారకుడైన గురువు అతడు. ఆ గురుత్వాన్ని గుర్తించి, పసివాడి ముందు తలవంచి నేర్చుకోగలగడమే మాంటిస్సోరి గొప్పదనం.